పల్లపువాళ్ళ పగ

మా నాన్నని ఆ రోజు ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి, ఏలూరు బస్సెక్కి, ఊరు చేరేలోగా ఆ సంగతి మరిచిపోయేదాన్ని. మా వైపు మనిషిని తిట్టకుండానే నేలకి తొక్కెయ్యడం తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మాటకి ముందు ‘ఏవండీ’ అనీ, మాట చివర ‘అండీ’ అనీ మెత్తగా పెట్టి, కోసేది మధ్యలో పెడతారు. అలా కోస్తే రక్తం రాదు కాబట్టి కోసినవాడు పెద్దమనిషిగానే మిగిలిపోతాడు. నాకు పగ అంటే ఏమిటో తెలిసింది ఒక అండీ వల్లే.

మాది కొల్లేటి లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఊరు. చింతలపూడి అవతల మెట్టలో పుట్టిన ఒక వాగు ఊళ్ళూ పొలాలూ దాటుకుంటూ వచ్చి మా ఊరి పక్కనే కొల్లేట్లో పడుతుంది. ఆ పడే చోటుని మేము వాగునోరు అంటాం. మా నాన్న నలభై ఏళ్ళు అక్కడే మావులు వేశాడు. మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన బోను. చేప లోపలికి వెళ్తుంది గాని బయటికి రాలేదు. తొలకరిలో కొత్తనీటికి చేప ఎదురెక్కే రోజుల్లో నాన్న పొద్దు పొడవకుండానే దోనె తోసుకుని వెళ్ళి, బడి గంట కొట్టే వేళకి బుట్టతో తిరిగొచ్చేవాడు. నేను బి.ఎడ్. దాకా చదివింది ఆ వాగునోటి చలవే. ఇప్పుడు ఏలూరులో పిల్లలకి సోషల్ చెబుతాను. నది పుట్టే చోటూ కలిసే చోటూ మ్యాపులో గుర్తించమని పరీక్షలో అడుగుతుంటాను.

మా చుట్టుపక్కల చేపల చెరువులు పెరిగిపోయాక నాన్న తోటివాళ్ళు ఒక్కొక్కరే వాటి మీద పనికి పోయారు. మేత వెయ్యడం, వల లాగడం, గట్టు మీద పాకలో ఉండి కాపలా కాయడం. నాన్న పోలేదు. “చేపని పట్టేవోడు చేపకి కాపలా కాయడమేంటమ్మా? చచ్చినా ఆ పని చెయ్యను,” అనేవాడు. వాగునోరు తెరిచి ఉన్నంతకాలం ఆ మాట నిలబెట్టుకోగలడు. మూసుకుపోతే నిలబెట్టుకోలేడు. ఆయనకి పొలం లేదు, ఇంకో పని రాదు. ఉన్నది ఆ ఒక్క పంతమే.

పదిహేనేళ్ళ కిందట ఎర్రనీళ్ళు మొదలయ్యాయి. కొల్లేటి నేల నల్లది. ఎర్రమట్టిని మేము గడపలకి రాసే జాజులో తప్ప చూడం. అలాంటిది ప్రతి వానాకాలం వాగు జాజు కలిపినట్టు వచ్చి, నోట్లో మేట వేసి పోసాగింది. నాన్న గెడ వేసి లోతు చూసేవాడు. మొదట్లో గెడ మునిగేది. తర్వాత సగం మునిగేది. తర్వాత ఆయన గెడ వెయ్యడం మానేసి, దోనె దిగి నిలబడి, నీళ్ళు తన నడుం దాకా వచ్చాయా మోకాలి దాకా వచ్చాయా చూసుకునేవాడు.

ఒక ఏడు వానలు పూర్తిగా వెలవకముందే ఆయన వాగు వెంట పైకి నడిచాడు, ఆ ఎరుపు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలని. పాయలు కలిసిన ప్రతిచోటా ఆగి, ఏది ఎర్రగా ఉంటే దాని వెంట వెళ్ళాడట. మూడో రోజున మెట్టలో ఒక ఊరి వెనక కొండ దగ్గర తేలాడు. కొండ మీద చెట్టన్నది లేదు. ఒక పక్క అంతా తవ్వేసి ఉంది. కొండ ప్రభుత్వానిది, పోరంబోకు. దాని మీది చెట్లు కొట్టించి, గ్రావెల్ తవ్వించి లారీలకెత్తించింది మాత్రం ఆ ఊరి ఆసామి ఒకడు. కొండ కింద పామాయిల్ తోట కూడా అతనిదే.

నాన్న, మా లంకలోని ఇద్దరు పెద్దలు, నేను కలిసి అతని ఇంటికి వెళ్ళాం. ఆసామి వరండాలో కుర్చీలు వేయించాడు. నాన్న చెప్పిందంతా విన్నాడు, ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. విన్నాక నవ్వాడు.

“నీరు పల్లమెరుగు అన్నారు కదండీ పెద్దలు. నీరెరిగిన దారి మట్టికి మాత్రం తెలియదాండీ? మీరు పల్లంలో ఉన్నారు. అక్కడుండమని మిమ్మల్ని నేను చెప్పలేదు కదండీ.”

నాన్న తువ్వాలు భుజాన వేసుకుని లేచి, “అలాగేనండి,” అన్నాడు.

పల్లం అన్న మాట అతను నేల గురించి అనలేదు. ఆ వరండాలో ఉన్న అయిదుగురికీ ఆ సంగతి తెలుసు. తిరుగు బస్సులో నేను కిటికీ ఊచ పట్టుకుని, ఈ మనిషి తల వంచుకునేదాకా ఊరుకోను అనుకున్నాను. పైకే అన్నాను కూడా. నాన్న వినిపించుకోలేదు.

మొదటి దెబ్బ నేను తొందరపడి కొట్టాను. వాగునోట్లో మేట వేసిన ఎర్రమట్టిని మా లంక ఆడవాళ్ళం యూరియా బస్తాల్లోకి ఎత్తి, చేపలు తోలే వ్యాన్‌లో వేసుకుని, ఒక ఆదివారం అతని గుమ్మం ముందు గుట్టగా పోశాం. “మీ మట్టి మీకే తెచ్చామండీ,” అన్నాను. ఆ వాక్యాన్ని వారం రోజులు ఇంట్లో సాధన చేశాను. అతను బయటికొచ్చి, గుప్పెడు మట్టి తీసి వేళ్ళతో నలిపి చూసి, “చాలా సంతోషమండీ. కొల్లేటి ఒండ్రు కూడా కలిసింది, బలంగా ఉంటుంది. కాస్త దొడ్లో పోయించండి,” అన్నాడు. మరుసటి ఏడు అతని దొడ్లో అరటి గెలలు విరగకాశాయని విన్నాను. మా ఆయన చాలాకాలం దాన్ని చెప్పుకుని నవ్వాడు. అరటిపండు కనిపిస్తే చాలు, నా మొహం చూసేవాడు.

రెండో దెబ్బ నిదానంగా కొట్టాను. ఏలూరు కలెక్టరాఫీసులో సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారు. బడికి పూట సెలవు పెట్టి వెళ్ళి లైన్లో నిలబడేదాన్ని. అర్జీలో ఒక్క కటువు మాట రాయలేదు. అతని దగ్గరే నేర్చుకున్నాను: తమరు, దయచేసి, మనవి. కిందనే నాన్న నడిచి చూసిన దారంతా మ్యాపు గీసి జతపరిచేదాన్ని. ఎన్ని సోమవారాలో గుర్తులేదు, గుమాస్తా నన్ను చూడగానే స్టాంపు తీసి పట్టుకునేంత వరకు. చివరికి గనులశాఖ మనుషులొచ్చి కొండ కొలిచారు. లారీలు ఆగిపోయాయి. ఆ రోజు ఇంట్లో పాయసం వండాను. పండగేమిటని పిల్లలడిగితే చెప్పలేదు.

తవ్వకం ఆగిన కొండని కళ్ళారా చూసుకుందామని వెళితే అక్కడ ఒక మేకలావిడ కనిపించింది. ఆ కొండ పక్కనే ఉన్న పేట ఆవిడది. నన్ను ఎగాదిగా చూసి, “అర్జీలు పెట్టిన పంతులమ్మ గారు మీరేనా? తవ్వడం ఆపించారు, సంతోసం. మరి వాననెవరు ఆపుతారండీ?” అంది. తవ్వకం ఆగినా బోడికొండ బోడికొండే. వాన పడితే మట్టి దిగుతుంది, దిగితే మా వాగునోట్లోకే దిగుతుంది. పేటవాళ్ళకీ ఇబ్బందే, చెట్లు పోయాక వాళ్ళ బోరింగు ఎండిపోయి, ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని మైలు దూరం నడుస్తున్నారు. ఆ కొండకి చెట్లు తిరిగి రావాలి. అది నాకు ధర్మంగా తోచలేదు, మూడో దెబ్బగా తోచింది. అడవి పెరిగిందంటే ఆసామి ఇంక అందులో పార పెట్టలేడు.

అలా మొదలైంది. పంచాయతీ తీర్మానం రాసిచ్చింది, అటవీశాఖ నర్సరీ నుంచి మొక్కలిచ్చింది, మిగిలింది మేమూ పేటవాళ్ళూ. కానుగ, నల్లమద్ది, నేరేడు, ఉసిరి. మా ఆయన తాడేపల్లిగూడెం ఆఫీసు ఆవరణలో రాలిన కానుగ కాయలు ఏరి, రోజూ సాయంత్రం రైల్లో టిఫిన్ బాక్సు నిండా తెచ్చేవాడు. “పెళ్ళాం పగకి మొగుడు విత్తనాలు మోస్తున్నాడు,” అని వాళ్ళ ఆఫీసువాళ్ళు ఏడిపించేవారట. ఆదివారం ఆదివారం లంక నుంచి చేపల వ్యాన్‌లో మేము పాతికమందిమి వెళ్ళేవాళ్ళం. మొక్కలు గాలికి పడకుండా కర్రలకి పాత వల పేలికలతో కట్టేవాళ్ళం. ఆ ముడి నాన్న నాకు చిన్నప్పుడు నేర్పింది; ఎంత తడిస్తే అంత బిగుస్తుంది.

మొదటి సమావేశంలో మేకలావిడ అందరి ముందూ లేచి, “గట్టుని కాపాడుకోవాలండీ. గట్టు నిలబడితే మనందరం నిలబడతాం,” అంది. మావాళ్ళంతా గట్టిగా తలలూపారు. మా కొంప ముంచింది ఆ మాటే. మెట్టలో గట్టంటే కొండ. కొల్లేట్లో గట్టంటే చెరువు చుట్టూ వేసే కట్ట. ఆవిడ కొండని కాపాడమంది. మావాళ్ళు కట్ట వెయ్యమందనుకున్నారు. గట్టు వెయ్యడం మావాళ్ళకి ఇంకొకరు నేర్పాలా? మట్టి పోసి, తడిపి, వరసగా నిలబడి ఒకరి భుజం ఒకరు పట్టుకుని తొక్కుతూ పోతే చుక్క నీరు కారని గట్టు లేస్తుంది. నాలుగు ఆదివారాల్లో కొండ నడుముకి మొలతాడు కట్టినట్టు గట్టు లేచింది. దానికి ఎగువన మొక్కలు వరసలుగా నిలబడ్డాయి. చూడ్డానికి ఎంత బాగుందో.

మేకలావిడ పక్క కొండ నుంచి మేకల్ని తోలుకొచ్చి, దాన్ని చూసి బుగ్గలు నొక్కుకుంది. “ఇదేం పనండీ? వాలులో నీల్లకి అడ్డం కూకోకూడదండీ. నడిపించాలి. ఎక్కడన్నా దారి వదలండి.”

“దారి వదిలితే నీళ్ళు ఎటు పోతాయి పిన్నీ?”

“ఎటు పోతాయి, కిందకి. తోటలోకి.”

ఆ తోట ఆసామిది. నేను నా చేతులతో నాటిన మొక్కలు ఆపిన నీళ్ళు అతని పామాయిల్ చెట్లకి పోవడమా? “దారి వదలక్కర్లేదు,” అన్నాను. “అక్కడే ఇంకుతాయి.” మావాళ్ళలో ఒకరిద్దరు కూడా ఓ మూల తూము పెడదామన్నారు. చెరువు గట్టుకైనా తూము ఉంటుంది కదా. నేనే వద్దన్నాను. గట్టు వేసింది మాటలో పొరపాటు వల్ల, నిజమే. తూము పెట్టకపోవడం మాత్రం పొరపాటు కాదు. అది నేను తెలిసి చేసింది.

శ్రావణంలో రెండు రోజులు విడవకుండా కురిసింది. మొదటి రోజు గట్టు నిలబడింది. మొక్కలు మెడల దాకా నీళ్ళలో నిలబడి ఉన్నాయని పేట నుంచి ఫోన్ వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం గట్టు తెగింది. తవ్విన పక్క వదులుగా ఉన్న మట్టి, మేము తొక్కిన మట్టి, మొక్కలు, కర్రలు అన్నీ కలిసి ఒక్కసారిగా దిగాయి. సగం ఆసామి తోటలోకి పోయిందని తెలిసి, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మొదట సంతోషం వేసింది. మిగతా సగం ఎటు పోయిందో ఆలోచించలేదు. పిల్లలకి మ్యాపులో వేలు పెట్టి చూపించే పంతులమ్మని నేను.

నాలుగో రోజు నాన్న ఫోన్ చేశాడు. “ఎర్రనీల్లు వచ్చాయమ్మా. ఈసారి శానా ఎక్కువ.” ఆ శనివారం నేను లంకకి వెళ్ళేసరికి దోనె వాగునోటికి ఇవతలే బురదలో కూరుకుపోయి ఉంది. నోరు లేదు. ఎర్రటి దిబ్బ ఉంది, దాని మీద కొంగలు నడుస్తున్నాయి. ఇంటికొచ్చాక నాన్న లోపలికెళ్ళి ఒక వల పేలిక తెచ్చి నా చేతిలో పెట్టాడు. కర్ర ముక్క ఒకటి ఇంకా దానికి బిగిసే ఉంది.

“మట్టిలో దొరికింది. నా ముడేనమ్మా ఇది,” అన్నాడు.

కోప్పడలేదు. కోప్పడితే నేను ఏడ్చేదాన్ని, ఏడిస్తే కాస్త తేలికపడేదాన్ని. ఆ వాగునోరు ఎన్నో ఏళ్ళుగా పూడుతోందనీ, మా గట్టొక్కటే కారణం కాదనీ తర్వాత ఎవరెవరో చెప్పారు. నిజమే అయి ఉంటుంది. ఆఖరి బుట్ట మట్టి మాత్రం నాదే. కార్తీకం వెళ్ళేసరికి నాన్న గణపవరం వైపు ఒకళ్ళ చేపల చెరువు మీద కాపలాకి చేరాడు. పాకలో నులకమంచం, కుక్క, టార్చిలైటు. నేను చూడ్డానికి వెళితే ఆయన గట్టు మీద నిలబడి కొంగల్ని తోలుతున్నాడు. నన్ను చూసి చెయ్యి దించేశాడు.

నా తప్పు నా మీద వేసుకునే ధైర్యం నాకు లేకపోయింది. దాన్ని కూడా తీసుకెళ్ళి ఆసామి నెత్తిన పెట్టాను. అతను కొండ చెక్కకపోతే ఇదంతా ఎందుకు జరుగుతుంది? అలా అనుకున్నాక పగ రెండింతలయింది, పని నాలుగింతలు చేశాను. ఈసారి మేకలావిడ ఎలా చెబితే అలా. వాలుకి అడ్డంగా చిన్న చిన్న గుంటలు, అర్ధచంద్రాకారంలో, ఒకదాని పొర్లు ఇంకోదానికి అందేలా. రాళ్ళ వరసలు, మధ్యలో ఖాళీలు. చెట్టు కంటే ముందు గడ్డి. పేటవాళ్ళు తలా ఒక రోజు వంతు వేసుకుని పశువులు రాకుండా చూశారు. ఆవిడ తన మేకల్ని రెండేళ్ళు ఆ కొండ ఎక్కనివ్వలేదు, అవతలి కొండకి తోలుకుపోయింది. లంక నుంచి వచ్చేవాళ్ళు పాతికమంది కాస్తా పదిమంది అయ్యారు, గట్టు తెగిన సిగ్గుతో మిగిలినవాళ్ళు రాలేదు. ఆసామి లారీలు ఎక్కిన పాత బాట మీద నేను నా చేత్తో గచ్చపొదలు నాటాను. గచ్చ ముల్లు కొక్కెంలా ఉంటుంది, గుచ్చుకుంటే వెనక్కి రాదు. మేకలావిడ అది చూసి, “వానకి పనికొచ్చేది నాటండమ్మా,” అంది. “ఇది నాకు పనికొస్తుంది,” అన్నాను.

ఆసామి మధ్యమధ్యలో కింద నిలబడి చూసేవాడు. అడ్డుపెట్టలేదు. “ఎండలో కష్టపడుతున్నారండీ,” అనేవాడు. “మీ దయేనండీ,” అనేదాన్ని. అతనికి చురుక్కుమనాలని అనేదాన్ని. తగిలిందో లేదో ఎప్పుడూ తెలిసేది కాదు.

చెట్లు మన పగ తొందరని పట్టించుకోవు. మూడేళ్ళు గడ్డే కనిపించింది. నాలుగో ఏడు కానుగలు నా భుజం దాటాయి. ఆరో ఏడు నేరేళ్ళకి పిట్టలు వచ్చాయి. వాన పడిన రోజు వాగు ఎర్రగా కాక, టీ రంగులో దిగింది. అది కొల్లేరు చేరేదాకా మధ్యలో ఇంకెన్ని కొండలు, ఎన్ని తవ్వకాలు ఉన్నాయో నాకు తెలుసు. మా వాగునోటి దిబ్బ అలాగే ఉంది, దాని మీద ఇప్పుడు తుంగ మొలిచింది. అయినా వాగు మొదట్లోనైనా మట్టి ఆగింది కదా అనుకున్నాను. నేను గెలిచానని కూడా అనుకున్నాను.

అప్పుడు మేకలావిడ ఫోన్ చేసింది. గొంతులో నవ్వు ఆగడం లేదు. “పంతులమ్మ గారూ, మా బోరింగు మళ్ళీ నీల్లు పోత్తందండీ! ఆసామిగారి పాడుబావి కూడా నిండిందండీ. ఎండిపోయి ఎన్నేళ్ళయ్యిందో ఆ బావి. చేత్తో ముంచుకోవచ్చు, వచ్చి చూడండి.”

నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. నాన్న వాగునోరు మూసుకుపోయింది, అతని బావి నిండింది. నా మొక్కలు, మా ఆయన మోసిన కాయలు, నా ఆదివారాలు. ముందు అరటి గెలలు, ఇప్పుడు బావి. నేను కొట్టిన ప్రతి దెబ్బా అతని ఇంట్లో పంటగా మొలుస్తోంది. మూడో రోజు ఆదివారం కాకపోయినా సెలవు పెట్టి, కొబ్బరికాయలు కొట్టే కత్తి సంచిలో పెట్టుకుని ఆ కొండకి వెళ్ళాను. అతని బావికి సరిగ్గా పైన నేరేళ్ళ వరస ఉంది. వాటిని కొట్టేస్తే బావి తగ్గుతుందా లేదా అని ఆలోచించలేదు. కొట్టాలి, అంతే.

మొదటి చెట్టుకి కత్తి ఆనించానో లేదో మేకలావిడ ఎక్కడి నుంచో వచ్చేసింది. నా చెయ్యి పట్టుకోలేదు. నెత్తి మీది బిందె దించి ఆ చెట్టు మొదట్లో పెట్టింది. నిండు బిందె.

“కొట్టండి. మీరు నాటిందే గదా. ముందు ఈ బిందె కొట్టి, తర్వాత చెట్టు కొట్టండి. ఆ బావిలో ఊరేదీ ఇందులోకి వచ్చేదీ ఒకటే నీల్లండి. ఆయన్ని ఎండగట్టి మమ్మల్ని మాత్రం తడపడం ఈ గట్టుకి చేతకాదు.”

నేను కత్తి సంచిలో పెట్టుకుని దిగొచ్చేశాను. ఆవిడ మాటకి కరిగిపోయానని చెబితే అబద్ధం. ఓడిపోయాను. ఓడిపోయిన కోపంతో దారిపొడుగునా నా గచ్చముళ్ళే నా చీరని చించాయి.

ఈ సంగతి నాన్నకి చెప్పలేదు. ఎవరు చెప్పారో మరి, పోయిన మాఘంలో ఆయన చెరువు యజమానిని అడిగి ఒక రోజు సెలవు తీసుకుని ఏలూరు వచ్చాడు. “ఆ మెట్టోల్ల గట్టు ఒకసారి చూపించమ్మా,” అన్నాడు. మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కలేడు. అయినా చింతలపూడి బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాం. నా భుజం పట్టుకుని మొదటి వరస దాకా ఎక్కాడు. కానుగ మొదలు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. గుంటలు చూశాడు, రాళ్ళ మధ్య ఖాళీలు చూశాడు. “నీల్లు పోడానికి దారి బాగా వదిలారు,” అన్నాడు.

దిగేసరికి ఆసామి కర్ర పట్టుకుని తోట మొదట్లో నిలబడి ఉన్నాడు. అతనూ ముసలివాడైపోయాడు. “రండి రండి, ఏవండీ, ఇంతదూరం వచ్చి మా బావి చూడకుండా వెళ్తారా?” అన్నాడు. వద్దు నాన్నా అన్నట్టు ఆయన చెయ్యి నొక్కాను. ఆయన నడుస్తూనే ఉన్నాడు. బావి గట్టు మీద స్టీలు చెంబు, గ్లాసు ఉన్నాయి. ఆసామి తనే వంగి చెంబుతో ముంచి గ్లాసులో పోసి, రెండు చేతులా నాన్నకి అందించాడు. “మీ అమ్మాయిగారి పుణ్యమండీ,” అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది.

నాన్న గ్లాసు ఎండలోకి ఎత్తి చూశాడు. మరక లేదు. మెల్లగా తాగాడు. తాగి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

“ఇది మాదాకా రావడానికి ఇంకెన్నేళ్ళు పడుతుందండీ?”

ఆసామి నోరు తెరిచాడు. సామెత రాలేదు. నవ్వూ రాలేదు. అతను నాన్న కాళ్ళకేసి చూశాడు, చెరువు గట్టు బురద ఇంకా అంటుకుని ఉన్న చెప్పులకేసి చూశాడు. తల వంచుకున్నాడు. నిజంగా వంచుకున్నాడు, గడ్డం గుండెకి ఆనేలాగ. ఈ ఒక్క దృశ్యం కోసం నేను ఎన్ని సోమవారాలు, ఎన్ని ఆదివారాలు తగలేశానో ఆ దేవుడికి తెలుసు. ఇంకొక్క నిమిషం అలా ఉండనిస్తే నా జన్మకి చాలనిపించింది.

ఆ నిమిషం నాన్న ఉండనివ్వలేదు. ముసలాయన పడుతున్న ఇబ్బంది ఆయన చూడలేకపోయాడు. గ్లాసు ముందుకి చాపి, “తియ్యగా ఉన్నాయండి. ఇంకో గ్లాసు ఇప్పించండి,” అన్నాడు. ఆసామి బతుకుజీవుడా అని తలెత్తి, గబగబా చెంబు ముంచాడు. నాన్న అది కూడా చివరి చుక్క దాకా తాగాడు.

మొదటి గ్లాసు మర్యాద అనుకుంటాను. ఆ రెండో గ్లాసుకి మాత్రం మా నాన్నని నేను ఇప్పటికీ క్షమించలేదు.